నిజమైన అంకెతో చేసే మోసాన్ని పట్టుకోవడం ఎలా?

ముందే చెప్తున్నా, ఇది ఫేక్ న్యూస్ పట్టుకోవడం గురించి కాదు. దొంగ ఫొటో, అతికించిన వీడియో ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్లలు కూడా పట్టేస్తున్నారు. మహారాష్ట్రలో తెలంగాణని ఆనుకుని ఉన్న మా నాందేడ్ జిల్లా సరిహద్దు ఊళ్ళలో, ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు, ఎన్నికలొచ్చినా గోదావరికి వరదొచ్చినా గ్రూపుల్లో తిరిగే పోస్టుల్లో చాలావాటికి అంకె నిజమే, తేదీ నిజమే, ఫొటో కూడా నిజమే. చదివినవాడి బుర్రలోకి మాత్రం తప్పే ఎక్కుతుంది. అలాంటిదాన్ని పట్టుకుని "ఇది ఫేకా, నిజమా?" అని అడిగితే నిజమేనని జవాబొస్తుంది, వీళ్ళు హాయిగా ఇంకో నాలుగు గ్రూపుల్లో వేసేస్తారు. ఇది చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నాను.

కావలసినవి

పెన్ను, ఒక తెల్లకాగితం, ఫోన్‌లో క్యాలిక్యులేటర్. ఒక తెలుగు పేపరు, ఒక మరాఠీ పేపరు ఉంటే మరీ మంచిది. టీవీ డిబేట్ పనికిరాదు, దాన్ని కట్టేయండి. పొద్దున పూటే చెయ్యాలి; రాత్రి భోజనాలయ్యాక రాజకీయ పోస్టు చదివేవాడికి కోపం తప్ప ఇంకేమీ రాదు.

1. ఎక్కడినుంచి వచ్చిందో చూడండి

వాట్సాప్‌లో మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉంటే అది మీ దగ్గరికి వచ్చేలోపు ఐదు చేతులైనా మారిందని అర్థం. పంపిన మనిషి మంచివాడు కావచ్చు, రాసింది ఆయన కాదు. రాసిందెవరో తెలియకపోతే అక్కడే ఆగిపోండి.

2. ఫొటో చూడండి

గూగుల్ లెన్స్‌లో వేస్తే పాత ఫొటో అయితే చాలాసార్లు దొరికిపోతుంది. కేంద్ర ప్రభుత్వ పథకాల సంగతైతే పీఐబీ (కేంద్రం పత్రికా సమాచార సంస్థ) ఫ్యాక్ట్ చెక్ ఉంది, 2019 నుంచి నడుస్తోంది. అది కేంద్రానికి సంబంధించినవే చూస్తుంది, పైగా ప్రభుత్వమే నడిపేది, ఆ రెండూ గుర్తుంచుకుని వాడండి. ఇంతే, దీని మీద ఎక్కువసేపు కూర్చోవద్దు.

3. చేత్తో రాసుకోండి

పోస్టు మొత్తాన్ని కాగితం మీద మూడు ముక్కలుగా రాయండి: ఏం జరిగింది, ఎంత, కాబట్టి ఏమంటున్నారు. విశేషణాలు రాయొద్దు. "చారిత్రక", "దుర్మార్గపు", "కనీవినీ ఎరుగని" ఇవన్నీ వదిలేయండి. ఫోన్‌లో టైప్ చేస్తే చాలదా అంటారు, చాలదు, చేత్తోనే రాయాలి. చేత్తో రాసేటప్పుడు మనకే అనుమానం వస్తుంది, "కాబట్టి" దగ్గర పెన్ను ఆగుతుంది.

4. అంకె దేనికి లెక్కో కనుక్కోండి

అసలు పని ఇక్కడుంది. జనం తొందరపడి చెడగొట్టేదీ ఇక్కడే. నిదానంగా చదవండి.

రైతు డబ్బుల పోస్టు తీసుకుందాం. మా సరిహద్దు ఊళ్ళని తెలంగాణలో కలపమని అడిగేవాళ్ళ మీద వేసింది. "తెలంగాణలో రైతుకు 12 వేలు, మహారాష్ట్రలో కూడా రైతుకు 12 వేలు, ఇంకా ఆ రాష్ట్రంలో కలవాలని గోల ఎందుకు?" రెండు అంకెలూ సరైనవే. తెలంగాణ రైతు భరోసా 2025 జనవరి నుంచి పంటకు ఎకరానికి 6 వేలు, ఏడాదికి 12 వేలు. మహారాష్ట్రలో కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 6 వేలు, రాష్ట్రం 2023లో తెచ్చిన నమో శేత్కరీ 6 వేలు, కలిపి 12 వేలు. కానీ మొదటిది ఎకరానికి, రెండోది ఎన్ని ఎకరాలున్నా కుటుంబానికి. పైగా రెండోదాంట్లో కేంద్రం డబ్బు కలిపారు, మొదటిదాంట్లో కలపలేదు. పీఎం కిసాన్ తెలంగాణ రైతుకూ వస్తుంది కదా. సరిగ్గా లెక్క వేస్తే ఐదెకరాల ఆసామికి అక్కడ 66 వేలు, ఇక్కడ 12 వేలు. ఎకరం ఉన్నవాడికి అక్కడ 18 వేలు, ఇక్కడ 12 వేలు.

ఆగండి, ఇక్కడే సంబరపడి ఎదురు పోస్టు పెట్టేవాళ్ళున్నారు. ఆ 66 వేలు పథకం కాగితం మీది లెక్క. ఈ పంటకు ఆ రైతు ఖాతాలో ఎంత పడింది, ఎప్పుడు పడింది అన్నది వేరే ప్రశ్న. ఇక కౌలు రైతు సంగతి. అక్కడ డబ్బు పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాడికి, ఇక్కడ సాత్‌బారా (మహారాష్ట్ర భూమి రికార్డు) మీద పేరున్నవాడికి. భూమి దున్నేది ఎవరైనా సరే, పేరు లేనివాడికి రెండు చోట్లా సున్నాయే. పోస్టు ఏ పార్టీదైనా ఈ సున్నా మాత్రం కనపడదు.

కాబట్టి ఏ అంకె కనపడినా కాగితం మీద ఈ ప్రశ్నలు రాయండి: మనిషికా, ఇంటికా, ఎకరానికా? నెలకా, ఏడాదికా, ఐదేళ్ళకా? ఎవరి డబ్బు? మంజూరైందా, విడుదలైందా, ఖర్చయిందా? ఈ చివరిది మరీ ముఖ్యం. ఒకే రోడ్డుకి మంజూరైనప్పుడు ఒక ఫ్లెక్సీ, భూమిపూజకి ఒక ఫ్లెక్సీ, బిల్లు పాసైనప్పుడు ఇంకో ఫ్లెక్సీ కడితే మూడు రోడ్లు వచ్చినట్టే ఉంటుంది. శాతాలు కూడా అంతే, ఒకటి మూడైతే 200 శాతం పెరిగినట్టు.

ఇప్పుడు ఇంకా కష్టమైనది, నీళ్ళు. గోదావరి మీద, సరిహద్దుకి ఇవతల మహారాష్ట్ర కట్టిన మా బాబ్లీ బంధారా (గేట్లున్న చిన్న బ్యారేజీ) గురించి వచ్చే పోస్టులన్నీ ఒకచోట పెడితే ఇంక వేరే పాఠం అక్కర్లేదు. ఏటా జూలై 1న గేట్లు ఎత్తుతారు. ఆ రోజు తెలంగాణ వైపు ఒక పోస్టు: "మా నాయకుడి ఒత్తిడితో దిగొచ్చిన మహారాష్ట్ర". ఇటువైపు ఇంకో పోస్టు: "మన రైతు నీళ్ళు పక్క రాష్ట్రానికి ధారపోశారు". గేట్లు ఎత్తింది నిజం, ఫొటో ఆ రోజుదే. కానీ 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, ఏటా జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలని, మార్చి 1న 0.6 టీఎంసీ (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్ళు) కిందికి వదలాలని. ముఖ్యమంత్రి ఎవరైనా ఆ తేదీ మారదు. ఒకటి జరిగింది, దాని పక్కన ఒక నాయకుడు నిలబడ్డాడు, కాబట్టి ఆయనే చేయించాడు, ఇదీ ఆ వాదన. దీన్ని పట్టుకోవడానికి ఒకే ప్రశ్న: ఆయన లేకపోతే ఇది జరిగేది కాదా?

తర్వాత ఆగస్టులో వరద వస్తుంది. "బాబ్లీ గేట్లు ఎత్తడంతో బాసర దగ్గర గోదావరి ఉగ్రరూపం". గేట్లు జూలై 1 నుంచే ఎత్తి ఉన్నాయి కదా, ఆగస్టులో కొత్తగా ఎత్తేదేముంది? క్యాలిక్యులేటర్ తీయండి. లక్ష క్యూసెక్కుల (సెకనుకి లక్ష ఘనపుటడుగుల) ప్రవాహం రోజంతా సాగితే 8.64 టీఎంసీలు. బాబ్లీ నిల్వ 2.74 టీఎంసీలు. అంటే గేట్లన్నీ మూసి ఉన్నా ఆ వరదకి బంధారా ఎనిమిది గంటలు కూడా ఓర్చుకోదు. వరద పైనుంచి వస్తోంది, బాబ్లీ దానికి అడ్డమూ కాదు, కారణమూ కాదు.

ఈ లెక్క చూడగానే మా ఊరి కుర్రాళ్ళు ఎగిరి గంతేస్తారు: "చూశారా, మొదట 112 టీఎంసీలకు కట్టిన శ్రీరాంసాగర్ ముందు 2.74 ఎంత, తెలంగాణవాళ్ళది ఉత్త గోల". శ్రీరాంసాగర్ అంటే బాబ్లీకి దిగువన తెలంగాణలో ఉన్న పెద్ద ప్రాజెక్టు. ఇదీ తప్పే, ఇంతకు ముందు పోస్టులకి ఏమాత్రం తీసిపోని తప్పు. కోర్టులో అవతలివాళ్ళ అభ్యంతరం ఒకసారి నిల్వ ఎంత అన్నదొక్కటే కాదు. బంధారా శ్రీరాంసాగర్ ముంపు ప్రాంతంలోనే ఉంది, నింపి తోడి, మళ్ళీ నింపి తోడితే కింద ప్రాజెక్టు నీళ్ళే పైకి పోతాయి అన్నది వాళ్ళ మాట. తీర్పులో గేట్ల తేదీలు, 2.74 పరిమితి, ముగ్గురు సభ్యుల కమిటీ ఉన్నది ఆ భయం కోసమే. ఎదుటివాడి వాదన ఇంతకన్నా గట్టిగా ఉండే వీలుందా అని వెతక్కుండా, బలహీనమైన ముక్క తీసుకుని కొట్టేస్తే మీరు పోస్టు రాసినవాడి పనే చేస్తున్నారు. అవతలి పక్షం మాటని వాళ్ళు విని "అవును, మేం అనేది ఇదే" అనేటట్టు రాయగలిగాకే విమర్శ మొదలుపెట్టాలి. ఈ నియమం నేను ఎవరికీ సడలించను.

ముక్కని చూపి మొత్తం అనడం ఇంకో రకం. 2023 అక్టోబరు 21న తెలంగాణ కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకు కుంగినప్పుడు, దానికి ఇవతలి ఒడ్డున మహారాష్ట్రలో ఉన్న సిరొంచ వైపు బంధువుల నుంచి రెండు రకాల మెసేజ్‌లు వచ్చాయి: కాళేశ్వరం మొత్తం కొట్టుకుపోయిందని ఒకటి, అంత పెద్ద ప్రాజెక్టులో రెండు మూడు పిల్లర్లకి ఇంత రాద్ధాంతమా అని ఒకటి. కుంగింది ఒక్క బ్లాకే, కాబట్టి మొదటిది అబద్ధం. కానీ ఆ ఒక్క బ్లాకు వల్ల మేడిగడ్డలో నీళ్ళు నిలపలేకపోయారు, గేట్లు ఎత్తే ఉంచాల్సి వచ్చింది, కాబట్టి రెండోది కూడా మోసమే.

కొందరు దీనికంతా ఇంకో దారి చెప్తారు, తర్కదోషాల జాబితా బట్టీ పట్టమని. మన పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలో హేత్వాభాసలు (కారణంలా కనిపించే తప్పుడు కారణాలు) ఐదు, ఇంగ్లీషులో ఇంకా పెద్ద జాబితా. చదువుకుంటే మంచిదే. కానీ పేర్లు నేర్చినవాడు పేరు పెట్టి ఊరుకుంటాడు, లెక్క వెయ్యడు. ఇంకొందరు రెండు వైపులా విని మధ్యలో తేల్చమంటారు. జూలై 1 తేదీ కోర్టు పెట్టింది, దానికి మధ్య ఏముంటుంది?

ఒక జాగ్రత్త. ఈ మెట్టు బాగా చేసినవాళ్ళు కొన్నాళ్ళకి "అందరూ దొంగలే, ఏదీ నమ్మొద్దు" అనే దగ్గరికి వచ్చి కూర్చుంటారు. అది తెలివి కాదు, బద్ధకం. తీర్పు ఉంది, జీవో ఉంది, సాత్‌బారా ఉంది, వాటిని చూసి తేల్చుకోవచ్చు.

5. పార్టీ పేరు మార్చి చదవండి

మీకు నచ్చిన పార్టీ పోస్టులో పేరు కొట్టేసి నచ్చని పార్టీ పేరు రాసి మళ్ళీ చదవండి. అప్పుడు నవ్వొస్తే ఆ వాదనలో పస లేదు. చిన్న పనే, నూటికి తొంభై మంది చెయ్యరు.

6. గ్రూపులో జవాబివ్వండి

"ఫేక్" అని పెట్టొద్దు, లింకు అతికించొద్దు, నవ్వే బొమ్మ అసలే వద్దు. పెద్దవాళ్ళయితే గ్రూపులో కాదు, విడిగా అడగండి: "కాకా, ఈ 12 వేలు ఎకరానికా, ఇంటికా?" ప్రశ్న ఒక్కటే ఉండాలి, రెండు ప్రశ్నలడిగితే ఆయన సులువుదానికి జవాబిచ్చి రెండోది వదిలేస్తాడు. ఆయన "ఇంతకుముందు ఉన్నవాళ్ళు ఏం ఇచ్చారంట?" అంటే, దాని గురించి రేపు మాట్లాడదాం కాకా, ముందు ఇది చెప్పు అనండి. జవాబొస్తే లెక్క వేసిన కాగితం ఫొటో తీసి ఆయనకే పంపండి, గ్రూపులో పెట్టాలో వద్దో ఆయన చూసుకుంటాడు.