ప్రమాణం చేసిన మర్నాటి నుంచి: ఆర్మీ రిజర్వ్‌లో కొత్త నర్సు అధికారికి

అమెరికాలో ఆసుపత్రి ఉద్యోగం వదలకుండానే, పార్ట్‌టైమ్ సైనికుల దళమైన ఆర్మీ రిజర్వ్‌లో నర్సు అధికారిగా చేరిన తెలుగువారి కోసం ఇది రాస్తున్నాను. 1901లో ఏర్పడిన ఆర్మీ నర్స్ కోర్‌లోనూ, 1908లో వైద్యుల దళంగా మొదలైన ఆర్మీ రిజర్వ్‌లోనూ మీరు ఒకేసారి అడుగుపెట్టారు. రోగిని చూసుకోవడం మీకు కొత్త కాదు. అధికారిగా మెలగడమే కొత్త. మొదటి నెలల శ్రమలో ఎక్కువ భాగం కాగితాలతోనే సరిపోతుంది. చార్టులో రాయని మందును ఇవ్వనట్టే లెక్కగట్టే వృత్తి మనది కాబట్టి, మీ సొంత ఫైలు విషయంలోనూ ఆ కట్టుబాటునే పాటించండి.

కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేసినప్పుడు సంతకం పెట్టిన డీఏ ఫారం 71, నియామకపు ఉత్తర్వు, నర్సింగ్ లైసెన్సు, డిగ్రీ పత్రాలు మీ దగ్గర కూడా భద్రంగా ఉండాలి. వాటిలో మీ పేరు ఒకేలా ఉందో లేదో అక్షరం అక్షరం సరిచూసుకోండి. మనవాళ్లలో చాలామందికి ఇంటిపేరు ఒక పత్రంలో ముందు, మరో పత్రంలో వెనుక, ఇంకోదానిలో పొడి అక్షరంగా ఉంటుంది. యూనిఫామ్ కుడి ఛాతీ మీద కుట్టే పట్టీపై ఉండేది చివరి పేరు. ఇకమీదట అందరూ మిమ్మల్ని పిలిచేది దానితోనే. భార్యను లేదా భర్తను, పిల్లలను సైనిక కుటుంబాల నమోదు వ్యవస్థ అయిన డీర్స్‌లో నమోదు చేయించేటప్పుడు పెళ్లి పత్రం, జనన పత్రాలు అడుగుతారు. అవి తెలుగులో ఉంటే ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం ముందే సిద్ధం చేసుకోండి.

డీడీ ఫారం 93ను మాత్రం తొందరపడి నింపవద్దు. మీకు ఏదైనా జరిగితే ఎవరికి కబురు చేయాలో చెప్పే పత్రం అది. అందులో తల్లిదండ్రుల పేర్లు, చిరునామాలు రాయాలి. అనారోగ్యం కారణంగా నేరుగా కబురు చేయకూడనివారు ఎవరో, వారికి బదులుగా ఎవరికి చెప్పాలో రాయడానికి కూడా ఒక గడి ఉంది. గుంటూరులో నాన్నకు గుండె జబ్బు ఉంటే ఆ గడిలో ఆయన పేరు రాసి, పక్క వీధిలో ఉండే చిన్నాన్న పేరును, 91తో మొదలయ్యే పూర్తి ఫోను నంబరుతో సహా నమోదు చేయవచ్చు. ఖాళీగా వదిలేసేవారే ఎక్కువగా కనిపించే ఈ గడిని నింపడానికి ఇంట్లోవాళ్లతో ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడండి. 5 లక్షల డాలర్ల వరకు ఉండే ఎస్‌జీఎల్‌ఐ జీవిత బీమాకు వారసుల పేర్లు కూడా అదే రోజు తేల్చుకోండి.

ఆసుపత్రిలో మీ పై అధికారికి ఏడాది మొత్తానికి బ్యాటిల్ అసెంబ్లీల, అంటే వారాంతపు సైనిక శిక్షణల, తేదీలు రాతపూర్వకంగా ఇవ్వండి. 1994 నాటి యూసెరా చట్టం మీ ఉద్యోగాన్ని కాపాడుతుంది; సేవకు వెళ్లిన రోజుల జీతం ఇవ్వాలని మాత్రం యాజమాన్యాన్ని నిర్బంధించదు. 31 రోజుల లోపు సేవ నుంచి తిరిగివచ్చినప్పుడు, క్షేమంగా ఇంటికి చేరి 8 గంటలు విశ్రాంతి తీసుకున్న తర్వాత వచ్చే షిఫ్టుకు హాజరైతే చాలు. రాత్రి షిఫ్టులు చేసే నర్సులకు ఈ 8 గంటలు ఎంతో ముఖ్యం. ఆదివారం సాయంత్రం డ్రిల్ ముగించుకుని ఆ రాత్రే వార్డులో నిలబడటం మీకూ రోగికీ మంచిది కాదు.

దేహదారుఢ్య పరీక్షలో అయిదు అంశాలుంటాయి. ఆఖరిది రెండు మైళ్ల పరుగు కాబట్టి దాని సాధన ఇప్పుడే మొదలుపెట్టండి. సైనిక వైద్య శిక్షణకు కేంద్రం టెక్సస్‌లో శాన్ ఆంటోనియోలోని ఫోర్ట్ శామ్ హ్యూస్టన్. అక్కడ మీరు మార్చుకోవలసిన అలవాటు ఒకటుంది. ఆసుపత్రిలో మొదట శ్వాసమార్గం చూడటం మనకు అలవాటు; యుద్ధక్షేత్రంలో ధారగా కారే రక్తాన్ని ఆపడమే మొదటి పని, శ్వాసమార్గం తర్వాతిది. చేతికో కాలికో కట్టే టూర్నికెట్ పట్టీని రక్తం ఆగేదాకా బిగించి, బిగించిన సమయాన్ని వెంటనే దాని మీద రాయాలి. గ్లవ్స్ తొడుక్కుని, చీకటిలో, రాసే పెన్ను ఏ జేబులో ఉందో వెతుక్కోకుండా ఇది చేయగలిగేదాకా సాధన చేయండి.

పెద్దవాళ్లు మనకోసం లేచి నిలబడితే మొహమాటపడే ఇళ్లలో పెరిగిన మనకు, నలభై అయిదేళ్ల సార్జెంటు తనే ముందుగా సెల్యూట్ చేసి ‘మేడమ్’ అనో ‘సర్’ అనో పిలవడం మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. ఆ వందనం మీ కమిషన్‌కు, అంటే అధికారి హోదాకు, చెందినది కనుక, నిటారుగా నిలబడి పూర్తిగా ప్రతివందనం చేయడమే మర్యాద. చూడనట్టు జారుకుంటే ఆయనను చిన్నబుచ్చినట్టవుతుంది. తొలి సెల్యూట్ చేసిన సైనికుడికి వెండి డాలరు ఇచ్చే పాత ఆచారం ఉంది. దాన్ని తప్పక పాటించమంటాను. ఆ తర్వాత అదే సార్జెంటును పక్కకు పిలిచి, ఈ యూనిట్‌లో పనులు ఎలా జరుగుతాయో చెప్పమని అడగండి. డేరా ఆసుపత్రిని ఎన్నోసార్లు నిలబెట్టి విప్పిన మనిషికి తెలిసినంత మీకు తెలియదు. అలా అడిగినందువల్ల మీ హోదాకు ఏ లోటూ రాదు, అయితే విన్నాక నిర్ణయం తీసుకోవలసిందీ దాని బాధ్యత మోయవలసిందీ మీరే.

ఇక లెక్కలు. మామూలు శనాదివారాల అసెంబ్లీలో నాలుగు విడతలుంటాయి. ఒక్కో విడతకు ఒక రోజు మూలవేతనం, ఒక పాయింటు వస్తాయి. సభ్యత్వానికి ఏడాదికి 15 పాయింట్లు వేరు. మొత్తం కనీసం 50 పాయింట్లు వస్తేనే అది పింఛనుకు లెక్కకొచ్చే సంవత్సరం. అలాంటివి 20 పూర్తిచేసినవారికి సాధారణంగా 60వ ఏట పింఛను మొదలవుతుంది. నా మొదటి ఏడాదిలో ఒక అసెంబ్లీ నాలుగు పాయింట్లూ రికార్డులోకి ఎక్కలేదు. నేను గమనించేసరికి ఎనిమిది నెలలు గడిచాయి, హాజరుపట్టీ నకలు నా దగ్గర లేదు. అందుకే సంతకం పెట్టిన ప్రతిసారీ తేదీ, విడత, సంతకం తీసుకున్నవారి పేరు ఒక చిన్న నోటుపుస్తకంలో రాసుకుని, నెల తిరిగేలోగా వేతన పత్రంతో సరిచూసుకోండి.