పండుగ మర్నాడు మిగిలిన పిండివంటలు

గట్టిపడిన గారెలను గోరువెచ్చని నీటిలో రెండు మూడు నిమిషాలు నానబెట్టి, అరచేతుల మధ్య మెల్లగా నొక్కి నీరు పిండిన తరువాత, అల్లం, పచ్చిమిర్చి ముద్ద, ఉప్పు కలిపి చిలికిన పెరుగులో వేయాలి. ఆవాలు, కరివేపాకు తాలింపు చల్లారాకే పెరుగులో కలపాలి. వేడిగా పోస్తే పెరుగు విరిగే అవకాశం ఉంది. గారె అంచులు మెత్తబడినా నడుమ కొంత బిగువు ఉండాలి, ఎక్కువగా నానితే పెరుగులోనే విడిపోతుంది.

బొబ్బట్ల పూర్ణం మిగిలితే నిమ్మకాయంత ఉండలు చేసి, బియ్యం, మినప్పప్పు కలిపి రుబ్బిన చిక్కని పిండిలో ముంచి వేయిస్తే పూర్ణం బూరెలు సిద్ధమవుతాయి. అయితే జారుగా ఉన్న పూర్ణం నూనెలో బూరెను పగులగొడుతుంది కనుక, ముందుగా దానిని కొద్దిపాటి నేతితో సన్నని సెగపై దగ్గరపడేవరకు కలపడం తప్పనిసరి. నిజానికి అసలు బొబ్బట్లకన్నా ఈ బూరెలే రుచికరమని నా అభిప్రాయం.

పులిహోరను మాత్రం మళ్లీ వండక, ఫ్రిజ్‌లో పెట్టినదైతే బాగా వేడిచేసి తినడమే మేలు.