అసంబద్ధ నాటకం, 5వ పాఠం: పాత్రలు ఆడవాళ్లయితే

సామ్యూల్ బెకెట్ నాటకం ‘వెయిటింగ్ ఫర్ గోడో’లో, రోడ్డు పక్కన చెట్టు దగ్గర రాని గోడో కోసం ఎదురుచూసే మగవాళ్లు వ్లాదిమిర్, ఎస్ట్రగాన్‌లను ఆడవాళ్లుగా మార్చి మొదటి సన్నివేశం రాయమని పోయిన పాఠంలో అడిగాను. మీరు పంపినవి ఎక్కువగా ఒకే చోట దెబ్బతిన్నాయి. అందుకే మౌనాల గురించి చెబుతానన్న పాఠం వాయిదా వేస్తున్నాను. కథ మళ్లీ చెప్పను.

మీరు కారణం రాశారు. ఒకరి రాతలో ఆ ఇద్దరినీ మొగుళ్లు వదిలేశారు. ఇంకొకరి దాంట్లో గోడో తప్పిపోయిన కొడుకు. మరొకరు వాళ్లను అత్తాకోడళ్లను చేశారు. రోడ్డు పక్కన మగవాళ్లు ఊరికే నిలబడితే ఎందుకని అడగం, ఆడవాళ్లు నిలబడితే ఏదో జరిగే ఉంటుందనుకుంటాం. ఆ అలవాటే మీ చేత రాయించింది. కారణం దొరికాక ప్రేక్షకుడు వాళ్లతో పాటు ఎదురుచూడడు, జాలిపడతాడు. ఇక అది కుటుంబ నాటకమే. వయసు, పెళ్లి, ఊరు, పాత బాధలు ఏవీ ఇవ్వకండి. దయచేసి ఒక్కటి కూడా వద్దు.

మాట మార్చకుండానే చాలా మారుతుంది. ఎస్ట్రగాన్ రాత్రంతా గుంటలో పడుకున్నాడు, ఎవరో కొట్టారు. మగవాడు చెబితే అది రోజూ ఉండే బాధలా వినిపిస్తుంది. ఆడమనిషి చెబితే హాలంతా బిగుసుకుపోతుంది, తర్వాత ఎన్ని జోకులొచ్చినా ఆ బిగువు వదలదు. చెట్టుకు ఉరేసుకునే మాట దగ్గర ఇంకోలా జరుగుతుంది. అక్కడి మోటు హాస్యం మగ శరీరం మీద నిలబడింది కాబట్టి నవ్వు పోయి చావు ఒక్కటే మిగులుతుంది.

వ్లాదిమిర్ మాటిమాటికీ ఒంటేలుకు పరుగెత్తుతాడు. ఈ పాత్రలు ఆడవాళ్లు వేయడానికి బెకెట్ ఒప్పుకోలేదు, ఆడవాళ్లకు ప్రోస్టేట్ (మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) ఉండదు కదా అన్నది ఆయన అభ్యంతరం. నాకది బలహీనంగా తోస్తుంది, ఆపుకోలేని బాధ ఆడవాళ్లకూ ఉంది. 1988లో నెదర్లాండ్స్‌లో ఆడవాళ్లు వేసిన ప్రదర్శనపై ఆయన తరఫున వేసిన కేసు ఓడిపోయింది. దాంతో ఆ దేశంలో తన నాటకాలు వేయొద్దన్నారు. ఆయన పోయాక, 1991లో, ఫ్రాన్స్ కోర్టు ఒప్పుకోవడంతో అవిన్యోన్‌లో ఆడవాళ్లే వేశారు.

ఇదే నాటకంలో యజమాని పొజ్జో తాడు కట్టి నడిపించే నౌకరు లక్కీని ఒక్కడినే ఆడమనిషిగా మార్చడం నాకిష్టం లేదు. పొజ్జో పట్టుకున్న తాడు చివర ఆడమనిషి ఉంటే అందరూ దాన్ని సంసారం అనుకుంటారు. మారిస్తే ఇద్దరినీ మార్చండి.

అభ్యాసం: ఒక్క మాటా మార్చకుండా మొదటి అంకం మొత్తం ఇద్దరు ఆడవాళ్లతో, తర్వాత ఒక ఆడ, ఒక మగ జంటతో పైకి చదివించండి. కనీసం ముగ్గురు వినాలి. నవ్విన చోటా, నవ్వు ఆగిన చోటా పుస్తకం అంచున గీతలు పెట్టండి. రెండుసార్లూ గీతలు కలవని చోట్లే రాసి పంపండి.