పికప్ ట్రక్ ముందు భాగం ఎత్తు ఎలా సరిచేయాలి?

చాలా పికప్ ట్రక్కులు తయారీలోనే వెనక కాస్త ఎత్తుగా, ముందు కాస్త పల్లంగా ఉంటాయి. వెనక బరువు వేశాక బండి సమంగా నిలబడాలని అలా చేస్తారు. ఎప్పుడూ ఖాళీగా తిప్పేవాళ్లకు, ముందు బరువైన గార్డు బిగించుకున్నవాళ్లకు ఆ ముక్కు వంచిన వాలకం నచ్చదు. పెద్ద టైర్లు వేద్దామంటే ముందు చోటు చాలదు. దాన్ని సరిచేయడానికి బయట బోలెడు విడిభాగాలు దొరుకుతాయి.

ఎన్ని అంగుళాలు లేపొచ్చు అనేది అందరూ అడిగే మొదటి ప్రశ్న. నా దృష్టిలో అది చివర అడగాల్సింది. గతుకు ఎక్కినప్పుడు చక్రం పైకి వెళ్లాలి, గుంతలో పడ్డప్పుడు కిందికి దిగాలి. ఈ కదలికకు రెండు వైపులా హద్దు ఉంటుంది. బండిని లేపిన కొద్దీ సస్పెన్షన్ కింది హద్దుకు దగ్గరవుతుంది. ముందు చక్రాలు విడివిడిగా కదిలే బండిలో పై ఆర్మ్‌లు (చక్రాన్ని బండికి కలిపే పైవైపు ఇనుప చేతులు) మార్చకుండా 2 అంగుళాలు దాటకపోవడం మంచిది. బండి సమం కావడానికి చాలాసార్లు అంత కూడా అక్కర్లేదు.

ముందు కొలత

చదునైన నేల మీద బండి పెట్టండి. నాలుగు టైర్లలో గాలి సరిగ్గా నింపండి. రోజూ ఉండే సామాను అలాగే ఉంచండి. ఇప్పుడు చక్రం నడిమధ్య నుంచి నిటారుగా పైన ఫెండర్ (చక్రం మీది రేకు) అంచు దాకా టేపుతో కొలవండి. నేల నుంచి కొలవద్దు. గాలి తగ్గినా, టైరు అరిగినా ఆ అంకె మారిపోతుంది, ఇది మారదు. నాలుగు చక్రాల దగ్గరా కొలిచి రాసుకోండి. ఎడమకీ కుడికీ కొద్ది తేడా ఉండటం మామూలే, కంగారు పడక్కర్లేదు.

అదే పూట ఇంకో పని. బండిని గోడకు ఎదురుగా 7.5 మీటర్ల దూరంలో ఆపి, లో బీమ్ వెలుగు పై అంచు ఎక్కడ పడుతుందో గోడ మీద టేపు అంటించి గుర్తు పెట్టండి. చివర్లో ఈ గుర్తు కావాలి.

మీ బండిలో ఏముందో చూడండి

ముందు చక్రం వెనక నుంచి కింద చూస్తే తెలిసిపోతుంది. కింది ఆర్మ్ నుంచి చాసిస్ (బండి కింది ఇనుప చట్రం) వెంట వెనక్కి ఒక పొడవాటి ఇనుప కడ్డీ వెళ్తుంటే అది టార్షన్ బార్. షాక్ అబ్సార్బర్ చుట్టూ చుట్ట స్ప్రింగు ఉంటే దాని పైన స్పేసర్ (ఎత్తు పెంచే ఇనుప బిళ్ల) వేసే రకం. వెనక మాత్రం చాలా పికప్‌లకు కమాన్ కట్టలే (పట్టీల మీద పట్టీలు పేర్చిన స్ప్రింగులు).

టార్షన్ బార్ ఉంటే

ఇది నాకు బాగా నచ్చే ఏర్పాటు. బోల్టు తిప్పితే ఎత్తు మారుతుంది. కడ్డీ వెనక చివర కీ అనే ఇనుప ముక్కలో దిగి ఉంటుంది. ఆ కీని ఒక బోల్టు నెడుతూ కడ్డీని మెలిపెట్టి ఉంచుతుంది. చాలా బండ్లలో బోల్టును బిగిస్తే ముక్కు లేస్తుంది, వదులు చేస్తే దిగుతుంది.

ముందు చాసిస్‌ను జాకీతో లేపి, గట్టి స్టాండ్ల మీద నిలిపి, చక్రాలు గాల్లో ఉండేలా చేయండి. ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందికి ఎప్పుడూ దూరవద్దు. మరలను వైరు బ్రష్‌తో రుద్ది నూనె పట్టించండి. బోల్టు బయటికి ఎంత కనిపిస్తోందో కొలిచి రాసుకోండి. తర్వాత రెండు వైపులా రెండేసి చుట్లు బిగించి బండిని దించండి.

తొందరపడేది ఇక్కడే. జాకీ దింపగానే కొలిస్తే అంకె తప్పు చూపిస్తుంది. టైర్లు నేలను పట్టుకుని ఉంటాయి కాబట్టి సస్పెన్షన్ పూర్తిగా కుదురుకోదు. ఒకసారి నేను అలాగే కొలిచి, సరిపోయిందనుకుని పనిముట్లు సర్దేశాను. నాలుగు వీధులు తిరిగొచ్చేసరికి ముక్కు మళ్లీ కిందికి దిగింది. అందుకే బండిని పది మీటర్లు ముందుకూ వెనక్కీ నడిపి, బంపరు నాలుగుసార్లు నొక్కి వదిలి, అప్పుడు కొలవండి. చాలకపోతే మళ్లీ ఒక చుట్టు.

బోల్టు హద్దుకు వచ్చేస్తే కోణం మార్చి చేసిన కీలు బయట దొరుకుతాయి. కీ మార్చాలంటే మెలిపడ్డ కడ్డీని వదులు చేయాలి. దానికి ప్రత్యేకమైన పుల్లర్ ఉంటుంది. మామూలు సి-క్లాంప్ వాడవద్దు. అది జారితే కీ తుపాకీ గుండులా దూసుకొస్తుంది. పని చేస్తున్నంతసేపూ తల, చేతులు దాని దారికి పక్కనే ఉంచండి. ఎడమ కడ్డీని కుడికి వేయకండి. చాలా బండ్లలో అవి వేరువేరు.

ఎక్కువ బిగించాక బండి గట్టిగా కొడుతుంటే కడ్డీ బిగుసుకుందని చాలామంది అనుకుంటారు. కడ్డీ బలం మారదు. కిందికి దిగే చోటు అయిపోయి, పై ఆర్మ్ రబ్బరు దిమ్మకు తగులుతోందన్నమాట. దిమ్మకూ ఆర్మ్‌కూ మధ్య వేలు దూరే సందు కూడా లేకపోతే ఒకటి రెండు చుట్లు వెనక్కి తిప్పేయండి.

చుట్ట స్ప్రింగు ఉంటే

షాక్ అబ్సార్బర్, స్ప్రింగు కలిసి ఉన్న సెట్టును కిందికి దింపి, పైన స్పేసర్ బిగించి, మళ్లీ ఎక్కించాలి. స్పేసర్ మందం, బండి లేచే ఎత్తు ఒకటి కాదు. ఈ సెట్టు ఆర్మ్ చివర కాకుండా మధ్యలో ఆనుకుని ఉంటుంది కాబట్టి 1 అంగుళం స్పేసర్‌కు చక్రం దగ్గర సుమారు 2 అంగుళాలు లేస్తుంది.

సెట్టును విప్పేటప్పుడు చుట్టూ ఉన్న చిన్న నట్లే తీయాలి. నడిమధ్య నట్టును ముట్టుకోవద్దు. నొక్కి ఉన్న స్ప్రింగును ఆపుతున్నది అదే. బ్రేక్ గొట్టం, ఏబీఎస్ వైరు సాగకుండా ముందే క్లిప్పులు విప్పి పక్కకు జరపండి.

ఇంకో సంగతి చాలామంది వదిలేస్తారు. ఆర్మ్ బోల్టులను చక్రం వేలాడుతుండగా పూర్తిగా బిగిస్తే లోపలి రబ్బరు బుష్ ఆ కోణంలోనే పట్టేసుకుంటుంది. బండి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి త్వరగా చిరిగిపోతుంది. వేలాడేటప్పుడు చేతి బిగువు చాలు. చక్రాల మీద బరువు పడ్డాక టార్క్ రెంచ్‌తో (బిగువు ఎంతో కొలిచే రెంచ్) పూర్తిగా బిగించండి.

వెనక కూడా లేపాలంటే

కమాన్ కట్ట యాక్సిల్ పైన ఉండే బండిలో, రెండింటి మధ్య ఇనుప దిమ్మ పెట్టడం తేలిక పద్ధతి. దిమ్మ మీద దిమ్మ పేర్చవద్దు. స్టీరింగ్‌తో తిరిగే ముందువైపు యాక్సిల్‌కు దిమ్మ అసలు వేయవద్దు. కట్టను యాక్సిల్‌కు పట్టి ఉంచే పాత యూ-బోల్టులు ఒకసారి సాగి ఉంటాయి, పొడవైన కొత్తవి కొనండి. నాలుగు నట్లను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. తరచూ బరువు వేసేవాళ్లకు దిమ్మ కంటే కట్టలో అదనపు పట్టీ మేలు. అది ఎత్తుతో పాటు కట్టకు బలం కూడా ఇస్తుంది. పొడవైన షాకిల్ (కట్ట చివరను చాసిస్‌కు కలిపే ఊగే ముక్క) వేస్తే, పెరిగిన పొడవులో సగమే ఎత్తుగా వస్తుంది.

కొన్ని బండ్లలో వెనక యాక్సిల్‌కూ చాసిస్‌కూ మధ్య ఒక చిన్న కడ్డీ ఉంటుంది. బరువును బట్టి వెనక బ్రేకులకు ఒత్తిడి పంపే వాల్వ్ అది. వెనక భాగాన్ని లేపితే బండి ఖాళీగా ఉందని అది పొరబడి, నిండు బరువులో కూడా వెనక బ్రేకు తగ్గిస్తుంది. ఇది ప్రాణాల మీదికి తెచ్చే విషయం. కడ్డీ బ్రాకెట్‌ను కొత్త ఎత్తుకు తగ్గట్టు సరిచేయించండి.

పని అయ్యాక

ఎత్తు మారిందంటే టో, క్యాంబర్ (చక్రాలు లోపలికో బయటికో తిరిగి, వాలి ఉండే కోణాలు) మారినట్టే. అదే రోజు అలైన్‌మెంట్ చేయించి ఆ కోణాలు సరిచేయించండి, లేకపోతే టైరు ఒక అంచు నుంచి అరిగిపోతుంది. ముందు అద్దం వెనక కెమెరా, ముందు రాడార్ ఉన్న బండి అయితే వాటినీ కొత్త ఎత్తుకు తగ్గట్టు మళ్లీ క్యాలిబ్రేట్ చేయించాలి. స్టీరింగ్‌ను పూర్తిగా రెండు వైపులా తిప్పి టైరు ఎక్కడా రాసుకోకుండా చూడండి.

తర్వాత గోడ దగ్గరికి వెళ్లండి. ముందు, వెనక చక్రాల మధ్య 3.5 మీటర్లున్న బండి ముక్కును 5 సెంటీమీటర్లు లేపితే, ఆ గోడ మీద వెలుగు సుమారు 15 సెంటీమీటర్లు పైకి పోతుంది. ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొట్టేంత తేడా అది. హెడ్‌లైటు స్క్రూ తిప్పి పాత గుర్తు దగ్గరికే దించండి.

100 కిలోమీటర్లు తిరిగాక యూ-బోల్టులు, ఆర్మ్ బోల్టులు, స్పేసర్ నట్లు మళ్లీ రెంచ్ పెట్టి చూడండి. 500 దగ్గర ఇంకోసారి. అప్పుడే నాలుగు చక్రాల దగ్గరా టేపు పెట్టి పాత కాగితంతో పోల్చండి. ఏ మూలైనా అర అంగుళం దిగి ఉంటే దాన్ని సరిచేసి, అలైన్‌మెంట్ మళ్లీ చూపించండి.