తలలోంచి వచ్చే 12 జతల నరాలు, 7వ పాఠం: నుదురు ఎత్తమనండి

పోయినసారి ఆరో నరం అయిపోయింది కదా, కన్నుని బయటి వైపుకి తిప్పేది. ఈసారి ఏడోది, ఫేషియల్ నర్వ్, ముఖం కండరాల్ని కదిపేది. ఇంట్లో ప్రతి ఒక్కళ్లకీ తెలిసుండాల్సిన నరం ఏదంటే నేను దీని పేరే చెప్తాను, ఎందుకంటే ఎవరికైనా మూతి వంకర పోతే పక్షవాతం అని ఏడుపులు మొదలవుతాయి, లేదంటే గాలి సోకిందని తాయెత్తు కట్టి ఊరుకుంటారు, ఈ రెండోది చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

మా మేనత్తకి ఇలాగే అయింది. పొద్దున్నే పళ్లు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్లు ఎడమ మూల నుంచి కారిపోతున్నాయి. అన్నం తింటుంటే మెతుకులు ఎడమ బుగ్గలో చేరిపోయి వేలు పెట్టి తీసుకోవాల్సొచ్చింది. మూతేమో కుడివైపుకి లాగేసి ఉంది, దాంతో అందరూ కుడివైపే దెబ్బతిందనుకున్నారు. కాదు, మూతి ఎప్పుడూ బాగున్న వైపుకే పోతుంది, పడిపోయిన కండరం వదిలేస్తే పనిచేసేది తన వైపు లాక్కుంటుంది. బుగ్గ కండరం మామూలుగా మెతుకుల్ని పళ్ల మధ్యకి తోస్తుంటుంది, అది పడిపోయింది కాబట్టే అన్నం అక్కడ ఇరుక్కుంది.

ఇప్పుడు నరం దారి చూద్దాం. బ్రెయిన్ స్టెమ్‌లో (మెదడుని వెన్నుపాముతో కలిపే కాడ) పాన్స్ అనే భాగం దగ్గర బయల్దేరి, చెవి దగ్గరున్న టెంపోరల్ బోన్ అనే ఎముకలో సన్నటి సొరంగం గుండా వంపులు తిరిగి, చెవితమ్మె వెనక కింద బయటపడి, చెవి ముందుండే పెరోటిడ్ అనే లాలాజల గ్రంథిలో దూరి ఐదు కొమ్మలవుతుంది: నుదురు, కంటి చుట్టూ, బుగ్గ, దవడ అంచు, మెడ. అరచెయ్యి చెవి ముందు ఆనించి ఐదు వేళ్లూ ముఖం మీదకి చాపండి, ఇంచుమించు అలాగే ఉంటాయి. ఆ సొరంగం ఇరుకు, లోపల నరం వాస్తే నలిగిపోతుంది, బెల్స్ పాల్సీ అంటే ఇదే. స్కాట్లండ్ సర్జన్ చార్లెస్ బెల్ 1821లో ముఖం నరాల మీద రాశాడు, ఆయన పేరే పెట్టారు. సొరంగంలోనే నాలుక ముందు భాగం రుచికి ఒక కొమ్మ, చెవిలో చప్పుడు తగ్గించే చిన్న కండరానికి ఇంకోటి విడిపోతాయి. మా అత్త స్టీలు గిన్నె పెట్టినా ఎడమ చెవిలో గింగురుమంటోందనేది, అది ఇందుకే.

ఇక అసలు పరీక్ష. ముందు అద్దం ముందు మీరే చేసుకోండి. కనుబొమలు పైకెత్తండి, నుదుటి మీద ముడతలు రెండు వైపులా సమానంగా పడాలి. కళ్లు గట్టిగా మూయండి, పళ్లు కనిపించేలా నవ్వండి, బుగ్గలు పూరించండి.

వీటిలో కీలకం నుదురే. ముఖం కింది సగానికి ఆర్డర్ ఎక్కువగా మెదడు అవతలి వైపు నుంచే (కుడి ముఖానికి ఎడమ మెదడు) వస్తుంది, నుదుటికి మాత్రం రెండు వైపుల నుంచీ వస్తుంది. అందుకని మెదడు ఒక వైపు స్ట్రోక్ వస్తే సాధారణంగా మూతి జారినా నుదురు ముడత పడుతుంది. అదే నరమే దెబ్బతింటే నుదురూ నున్నగా ఉండిపోతుంది, కన్ను మూయబోతే రెప్ప దిగదు, గుడ్డు పైకి తిరిగి తెల్లగా కనిపిస్తుంది. మా అత్తకి సరిగ్గా ఇలాగే ఉంది.

కానీ ఒక మాట గట్టిగా చెప్తున్నా, పాన్స్‌లోనే స్ట్రోక్ వస్తే నుదురు కూడా పడిపోవచ్చు, కాబట్టి ఇది చూసి ఇంట్లో కూర్చోవద్దు. మూతితో పాటు చెయ్యి జారినా, మాట తడబడినా, చూపు తేడాగా ఉన్నా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి, ఎన్నింటికి మొదలైందో టైమ్ గుర్తుపెట్టుకోండి, మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా 4.5 గంటల్లోపే ఇస్తారు. బెల్స్ పాల్సీ అయినా స్టెరాయిడ్ 72 గంటల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం. కన్ను ఎండిపోకుండా డాక్టర్ రాసిన చుక్కలు వెయ్యాలి, రాత్రి రెప్ప మూసి టేప్ అంటించాలి, ఇది చాలామంది వదిలేస్తారు.

ఈ వారం ఇంట్లో ఇద్దరికి ఈ పరీక్ష చేసి చూడండి. వచ్చేసారి ఎనిమిదో నరం, వినికిడీ బ్యాలెన్సూ. 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ (కొడితే ఒకే శ్రుతిలో మోగే రెండు కొమ్మల లోహపు కడ్డీ) దొరికితే దగ్గర పెట్టుకోండి.