గూడ్సు వ్యాగన్‌కి మసీ తుప్పూ పట్టించడం ఎలా? (పాడుచేయకుండా)

మోడల్ వ్యాగన్‌ని, అంటే అసలు వ్యాగన్‌ని చిన్న సైజులో అచ్చంగా దింపిన బొమ్మని, కొత్తగా డబ్బాలోంచి తీస్తే పెళ్ళిపీటల మీద కూర్చున్నోడిలా ధగధగా మెరుస్తూ ఉంటది. విజయవాడ స్టేషన్లో ఒక గంట నిలబడి చూడండి, అంత శుభ్రంగా ఉన్న గూడ్సు వ్యాగన్ ఎన్ని కనపడతాయో. అందుకే వెదరింగ్ చేస్తాం, అంటే ఆ దుమ్మూ మసీ తుప్పూ మనమే పట్టించడం. కాకపోతే ఈమధ్య "అన్నా, ఎలా ఉందో చూడు" అని నా దగ్గరికి తెచ్చేవాటిలో సగం ఆవకాయ జాడీలో ముంచి తీసినట్టుంటున్నాయి. తుప్పంటే నారింజ రంగని ఎవరు నేర్పారో ఏమో.

నేను చెప్పేది హెచ్‌ఓ స్కేల్, అంటే 1:87 సైజులో, బాక్స్‌ఎన్ వ్యాగన్ గురించి. పైకప్పు లేకుండా బొగ్గు మోస్తది చూడండి, అదే.

బ్రష్ పట్టేముందు వ్యాగన్ మీద నంబర్ చదవండి. మన రైల్వే వ్యాగన్ నంబర్లో 11 అంకెలుంటాయి, మొదటి రెండూ వ్యాగన్ రకం, తర్వాత రెండూ ఏ జోన్‌దో, ఆ తర్వాత రెండూ తయారైన సంవత్సరం. మీ మోడల్ మీద అయిదో, ఆరో అంకెలు 19 అని ఉన్నాయనుకోండి, అది 2019 బండి, దానికి ముప్పై ఏళ్ళ తుప్పు పూస్తే చూసినోళ్ళు నవ్వరా? ఇంకోటి, నిజం రేక్‌లో, అంటే ఒక గూడ్సు బండికి తగిలించే వరసలో, యాభై పైచిలుకు వ్యాగన్లుంటాయి, అన్నీ ఒకే రకంగా మురికవ్వవు, నల్లగా మాడిపోయిన దాని పక్కనే వర్క్‌షాపులో పెద్ద రిపేరు అయి కొత్త రంగేసుకొచ్చింది ఉంటది. ప్లాట్‌ఫాం మీద నుంచి ఫోన్లో ఫొటోలు తీసుకోండి, పట్టాల మీదకి మాత్రం దిగొద్దు.

సామాను పెద్దగా ఏం లేదు. కేమెల్ అక్రిలిక్ రంగుల్లో బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), నలుపు. రెండు బ్రష్‌లు, ఒక స్పాంజి ముక్క, ఇయర్‌బడ్స్. డ్రై పేస్టల్స్, అంటే సుద్దముక్కల్లా పొడిపొడిగా రాలేవి, స్టేషనరీ షాపులో అడిగితే ఆయిల్ పేస్టల్స్ చేతిలో పెడతారు, అవి పిల్లలకి బొమ్మలేసుకోడానికిచ్చెయ్యండి, మనకి పనికిరావు. మ్యాట్ వార్నిష్, అంటే మెరుపు లేని పూత, స్ప్రే డబ్బా ఒకటి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మొబైల్ రిపేర్ షాపుల వాళ్ళు వాడేది.

ఎయిర్‌బ్రష్, అంటే గాలితో రంగు చిమ్మేది, అక్కర్లేదు. అది కొన్నాకే బాగా వస్తదనుకునేవాళ్ళని చాలామందిని చూశాను, వాళ్ళ పది వ్యాగన్లూ పౌడర్ రాసుకుని వరసలో నిలబడ్డ పదిమంది కవలల్లా ఉంటాయి. మురికి పైనుంచి కిందకి కారుద్ది, మూలల్లో పేరుకుంటది, ఆ పని బ్రష్ చేసినట్టు గాలి చెయ్యదు.

చక్రాలూ, కప్లింగులూ (వ్యాగన్లని ఒకదానికొకటి తగిలించే కొక్కేలు) ఊడదీసి పక్కన పెట్టండి. బాడీని గిన్నెలు తోమే లిక్విడ్‌తో పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టి, మ్యాట్ వార్నిష్ ఒక పల్చటి కోటు కొట్టండి, అది లేకపోతే మెరిసే ప్లాస్టిక్ మీద ఏదీ నిలవదు. అది గట్టిపడ్డాక ఒక వంతు రంగు (అంబర్‌లో కాస్త నలుపు), పది వంతుల నీళ్ళు, ఒక చుక్క గిన్నెల లిక్విడ్ కలిపి ఒక్కో పలకకీ పూసి, నిమిషం ఆగి ఇయర్‌బడ్‌తో పైనుంచి కిందకి తుడవండి. అడ్డంగా తుడవకండి, వాన అడ్డంగా కారదు కదా.

తుప్పుకి స్పాంజి ముక్కని అంబర్‌లో ముంచి, టిష్యూ మీద దాదాపు పొడిగా అయ్యేదాకా అద్ది, అప్పుడు వ్యాగన్ మీద చిన్నగా తాకించండి. ఎక్కడ? బొగ్గు దించేటప్పుడు టిప్లర్ (వ్యాగన్‌ని బోర్లించే యంత్రం) క్లాంపులు పట్టే పై అంచు, తలుపుల బందుల చుట్టూ, పలకల కింది భాగం. సియెన్నా అయితే మచ్చ మధ్యలో ఒక్క చుక్క చాలు. లోపలి గోడలకి మాత్రం మొహమాటం అక్కర్లేదు, బొగ్గు రాసుకుని రాసుకుని అక్కడ రంగే మిగలదు. మా బావమరిది తుప్పుకోసం అచ్చం గుంటూరు కారప్పొడే చల్లాడు, నెల తిరక్కుండా పురుగుపట్టింది.

పేస్టల్‌ని బ్లేడుతో గీకితే పొడి రాలుద్ది, నలుపూ గోధుమరంగూ కలిపి మెత్తటి బ్రష్‌తో బోగీలకీ (చక్రాలు బిగించే చట్రాలు) అండర్‌ఫ్రేమ్‌కీ (వ్యాగన్ అడుగు చట్రం) అద్దండి, అది బ్రేకుల దుమ్ము. ఇక్కడిదాకా చిన్నపిల్లలైనా చేస్తారు.

ఇప్పుడు అసలు పని, ఆ పొడి నిలబడేలా పైన మళ్ళీ మ్యాట్ కోటు కొట్టడం. మన ఊళ్ళో వ్యాగన్లు పాడయ్యేది నూటికి తొంభై ఇక్కడే. మూడు రోజులు కష్టపడి, చివర్లో ఒక్క నిమిషం ఓపిక పట్టలేక స్ప్రే కొట్టేస్తారు, పొద్దున లేచి చూస్తే వ్యాగన్ మొత్తం విభూది పూసుకున్నట్టు తెల్లగా. అప్పుడు డబ్బా మంచిది కాదంటారు. డబ్బాది కాదు తప్పు, గాలిలో తేమది. స్ప్రేలో ఉండే సాల్వెంట్ (వార్నిష్‌ని కరిగించి ఉంచే ద్రవం) గబగబా ఆవిరయ్యేటప్పుడు పైపొర చల్లబడుద్ది, తేమ ఎక్కువున్న రోజు ఆ చల్లదనానికి నీరు పట్టి వార్నిష్‌లో ఇరుక్కుంటది, ఆ తెలుపు అదే. కృష్ణ ఒడ్డున ఉన్నాం, జూన్ నుంచి వానలు, అక్టోబర్లో తుఫాన్లు, ఆ రోజుల్లో నేను స్ప్రే డబ్బా ముట్టుకోను. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచిది, అదీ మంచు విడిచాక, పదకొండు దాటి మూడింటిలోపు. బట్టలు రెండు గంటల్లో ఆరే రోజైతే కొట్టొచ్చు, లేకపోతే రేపు చూసుకోండి.

ఇంకో తప్పు ఎవరూ చెప్పరు. ఏసీ గదిలో పని చేసుకుని వ్యాగన్‌ని నేరుగా బాల్కనీలోకి తెచ్చి కొట్టేస్తారు. ఏసీలోంచి బయటికొస్తే కళ్ళజోడు మసకబారడం చూశారుగా, వ్యాగన్‌కీ అదే అవుద్ది, కంటికి కనపడదంతే. గంటసేపు బయట పెట్టండి, డబ్బాని కూడా. గదిలోపల మాత్రం కొట్టొద్దు, ఆ వాసన పీల్చకూడదు, మాస్క్ పెట్టుకోండి.

కొట్టేటప్పుడు ఒక అడుగు దూరంలో, అంటే 30 సెంటీమీటర్లలో పట్టుకుని, వ్యాగన్ అవతల మొదలుపెట్టి ఇవతల ఆపండి, మధ్యలో మొదలుపెట్టకండి. పల్చగా పొగలా పడాలి, తడిగా మెరవకూడదు, తడిసిందంటే పొడి మాయమైపోద్ది. ఎలా కొట్టినా కొంత మాయమవుద్ది లెండి, అందుకే పొడి కావలసినదానికంటే ముదురుగా అద్దుకోండి. పావుగంట ఆగి రెండోది, మళ్ళీ ఆగి మూడోది. ఒకేసారి కొట్టేద్దాం అనిపించినప్పుడు లేచెళ్ళి టీ తాగి రండి. తెల్లబడిందే అనుకోండి, గీకకండి, మంచి ఎండ ఉన్న పొడి రోజు చూసి మళ్ళీ ఒక పల్చటి కోటు కొడితే చాలాసార్లు తెలుపు కరిగి పోద్ది. ఆల్కహాల్‌తో తుడిస్తే మాత్రం మ్యాట్ కోటు ఇంకా తెల్లబడుద్ది, అది చక్రాలకే ఉంచండి.

బొగ్గు లోడ్‌కి థర్మకోల్ ముక్కని వ్యాగన్ కొలతకి కోసి నల్లరంగు వేసి, ఇస్త్రీ బండి అతన్నడిగి నాలుగు బొగ్గులు తెచ్చి రోట్లో నలగ్గొట్టి టీ జల్లెడలో జల్లించి, ఫెవికాల్‌లో సగం నీళ్ళు కలిపి థర్మకోల్‌కి పూసి, ఆ బొగ్గు దాని మీద చల్లండి. మరీ చదునుగా సర్దకండి, మధ్యలో రెండు గుట్టలు లేవాలి. చక్రాలు పట్టాలకి తగిలే చోట ఆల్కహాల్‌తో తుడిచి బిగించి, ఇంజన్ వెనక మూడోదో నాలుగోదో చేసి తగిలించండి. మొదటిది మాత్రం వద్దు, చూసినోళ్ళ కళ్ళు ముందు అక్కడే పడతాయి.