సెటిల్‌మెంట్ వాళ్ళకి అప్పజెప్పినా అప్పు తీరట్లేదా? తేడా ఎక్కడుందో పట్టుకోవడం ఇలా

క్రెడిట్ కార్డో పర్సనల్ లోనో కట్టలేక ఆగిపోయి, ఎవరో "మేం సగానికి సెటిల్ చేయిస్తాం, మీరు టెన్షన్ పడకండి" అంటే వాళ్ళ చేతిలో పెట్టేసి, ఇప్పుడు ఏదో తేడా కొడుతోందని అనుమానం వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. మినిమమ్ డ్యూ కట్టినంత మాత్రాన వడ్డీ ఆగదు, 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, ఇలాంటివి మీకు తెలుసనే అనుకుని మొదలుపెడుతున్నా.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది, దాన్నే అందరూ వదిలేస్తారు. మీ క్రెడిట్ రిపోర్ట్ మీరే తీసుకోండి. ఏజెంట్ వాట్సాప్‌లో పెట్టిన స్క్రీన్‌షాట్ కాదు, ఏదో యాప్‌లో కనిపించే స్కోర్ నంబర్ కూడా కాదు, పూర్తి రిపోర్ట్. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అని మన దేశంలో నాలుగు కంపెనీలున్నాయి, నాలుగూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్ట్ ఫ్రీగా ఇవ్వాల్సిందే, ఆర్బీఐ రూల్ అది. వాళ్ళ సొంత వెబ్‌సైట్‌లోకి వెళ్ళి తీసుకోండి, డబ్బు కట్టే ప్లాన్ ఏదైనా ముందుకొస్తే పక్కన పెట్టి ఫ్రీ రిపోర్ట్ లింక్ వెతకండి, ఉంటుంది. సహాయం కోసం ఎవరొచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న "రిపోర్ట్ తీశారా" అనే, దాదాపు ప్రతిసారీ వచ్చే జవాబు "వాళ్ళు చూశారంటండి" అని. వాళ్ళు చూడటం కాదు, మీరు చూడాలి. ఒక్కో ఖాతా దగ్గర ఎవరి పేరుంది, బాకీ ఎంత చూపిస్తోంది, ఓవర్‌డ్యూ ఎంత, స్టేటస్ ఏంటి, చివరిగా ఏ తేదీన అప్‌డేట్ అయ్యింది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. కింద చెప్పేదంతా ఆ కాగితం పక్కన పెట్టుకుని చదివితేనే ఉపయోగం.

సమస్య: ప్రతి నెలా ఏజెన్సీకి డబ్బు కడుతున్నా, రిపోర్ట్‌లో బాకీ తగ్గకపోగా పెరుగుతోంది

ఇందులో తిరకాసేం లేదు. మీరు కట్టేది వాళ్ళ ఫీజు, అప్పులోకి రూపాయి కూడా పోవట్లేదు. అగ్రిమెంట్ తీసి చదవండి, "సర్వీస్ ఛార్జ్", "సబ్‌స్క్రిప్షన్" లాంటి మాట ఉంటుంది, సెటిల్‌మెంట్ అయ్యాక తగ్గిన మొత్తంలో ఇంత శాతం అని మళ్ళీ ఇంకోటి. ఈలోపు ఈఎంఐ ఆపేయమన్నది కూడా వాళ్ళే, ఎందుకంటే ఖాతా ఎంత పాడైతే బ్యాంకు అంత తగ్గిస్తుందని వాళ్ళ లెక్క. అది ఒక్కోసారి నిజమే కావచ్చు, కానీ ఆ నెలల వడ్డీ, పెనాల్టీ, రిపోర్ట్ మీద మచ్చ అన్నీ మీ నెత్తినే పడతాయి.

ఆ ఫీజు ఈ నెల నుంచే ఆపేయండి, ఆటోడెబిట్ పెట్టి ఉంటే బ్యాంకులో క్యాన్సిల్ చేయండి. "మేం ఆర్బీఐ అప్రూవ్డ్" అని చెప్పినా నమ్మొద్దు, సెటిల్‌మెంట్ ఏజెన్సీలకి ఆర్బీఐ లైసెన్సులేవీ ఇవ్వదు. ఫీజు తీసుకుని రుణమాఫీ సర్టిఫికెట్లు ఇస్తామనేవాళ్ళ గురించైతే ఆర్బీఐ 2023 డిసెంబర్‌లోనే జనాన్ని హెచ్చరించింది.

సమస్య: రికవరీ కాల్స్ మొత్తం ఆగిపోయాయి, ప్రశాంతంగా ఉంది, ఉన్నట్టుండి కోర్టు నోటీసో ఆర్బిట్రేషన్ అవార్డో (కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పు) వచ్చింది

దీని గురించి కాస్త పెద్దగానే చెప్పాలి. ఎందుకంటే జనం దీన్ని సమస్య అనుకోరు, పని జరుగుతోందని సంతోషిస్తారు. మా దగ్గరికి వచ్చిన కేసుల్లో చేయి దాటిపోయినవి ఎక్కువగా ఇలాంటివే.

కాల్స్ ఎందుకు ఆగాయి? ఏజెన్సీ బ్యాంకుతో మాట్లాడి ఆపించిందని మీరనుకుంటారు. చాలాసార్లు జరిగేది వేరే. చేరిన రోజున ఓ ఫారం నింపిస్తారు, దాంతోపాటు ఒక మెయిల్ డ్రాఫ్ట్ మీకిచ్చి "ఇది మీ మెయిల్ నుంచి కస్టమర్ కేర్‌కి పంపండి" అంటారు. అందులో ఇకపై అన్ని విషయాలూ మా ప్రతినిధితోనే మాట్లాడండి అని, కింద వాళ్ళ నంబరూ వాళ్ళ మెయిల్ ఐడీ ఉంటాయి. లేదా వేధింపులు ఉండవని చెప్పి మీ ఫోన్‌లో కాల్ ఫార్వర్డింగ్ పెట్టిస్తారు. ఇంకొందరైతే లోన్ యాప్‌లోకి మీ చేతే లాగిన్ చేయించి ప్రొఫైల్‌లో మెయిల్ మార్పించేస్తారు. వేధింపులతో విసిగిపోయి ఉన్న మనిషికి ఇవన్నీ ఊరటగానే అనిపిస్తాయి, అందుకే ఎవరూ ప్రశ్నించరు.

అక్కడి నుంచి బ్యాంకు పంపేవన్నీ ఇంకొకళ్ళ దగ్గరికి పోతుంటాయి. రికవరీ కాల్స్ ఒక్కటే పోతే బాధ లేదు, బ్యాంకు తనంతట తానే పంపిన సెటిల్‌మెంట్ ఆఫర్ పోతుంది, లోక్ అదాలత్‌కి రమ్మన్న పిలుపు పోతుంది, అన్నిటికంటే ముఖ్యంగా లీగల్ నోటీసు పోతుంది. చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్ 138 సెక్షన్ కింద, ఈ-మ్యాండేట్ (వాయిదా దానంతటదే ఖాతాలోంచి తీసుకోమని మీరిచ్చిన అనుమతి) బౌన్స్ అయితే 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ యాక్ట్ 25వ సెక్షన్ కింద నోటీసు ఇస్తారు, అది అందాక డబ్బు కట్టడానికి మీకుండేది 15 రోజులు. రెండింట్లోనూ రెండేళ్ళ దాకా జైలు వేసే వీలుంది, కాబట్టి ఆ 15 రోజులు చాలా విలువైనవి. నోటీసు ఏజెన్సీ మెయిల్ బాక్సులో పడి ఉంటే ఆ రోజులు మీకు తెలీకుండానే గడిచిపోతాయి, తర్వాత "నాకు అందలేదు" అని కోర్టులో నిరూపించుకోవడం వేరే యుద్ధం. ఆర్బిట్రేషన్ కూడా అంతే, మీరు హాజరు కాకపోతే మీరు లేకుండానే అవార్డు ఇచ్చేస్తారు, దాన్ని సవాలు చేయడానికి అవార్డు అందిన దగ్గర్నుంచి 3 నెలలే గడువు, ఆ తర్వాత కోర్టు డిక్రీ లాగే అమలు చేయించుకోవచ్చు.

ఏజెన్సీ ఇవన్నీ చూసి మీకు చెప్తుందా అంటే, కొన్ని చెప్తాయి. ఎక్కువగా "అవన్నీ బెదిరింపు లెటర్లు, మా లీగల్ టీమ్ చూసుకుంటుంది" అంటారు. రికార్డులో అప్పు మీ పేరు మీదుంది. లీగల్ టీమ్ పేరు ఎక్కడా ఉండదు.

దీన్ని కనిపెట్టడం తేలికే, మూడు చోట్ల చూడాలి. మొదటిది మీరు ఇందాక తీసిన రిపోర్టే. అందరూ స్కోర్ చూసి మూసేస్తారు గానీ, పైన కాంటాక్ట్ వివరాలని ఒక భాగం ఉంటుంది, బ్యాంకులు మీ పేరు మీద పంపిన ఫోన్ నంబర్లు, మెయిల్ ఐడీలు, అడ్రసులు అక్కడ వరసగా ఉంటాయి. అందులో మీది కాని నంబరో, ఎప్పుడూ వాడని మెయిలో, ఆఫీసులా కనిపించే అడ్రసో ఉందంటే దొంగ దొరికినట్టే. మీది కానిది అక్కడికి ఎలా వచ్చిందో అడగాల్సిందే. రెండోది, లోన్ ఇచ్చిన సంస్థ యాప్‌లోనో నెట్ బ్యాంకింగ్‌లోనో ప్రొఫైల్ తెరిచి ఏ నంబరు, ఏ మెయిల్ ఉన్నాయో చూడటం. మూడోది ఫోన్ కాల్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్, అక్కడ ఏ నంబరైనా ఉంటే తీసేయండి. రిపోర్ట్ కొన్ని వారాలు వెనకబడి ఉండొచ్చు కాబట్టి అందులో ఏం లేదని మిగతా రెండూ మానొద్దు.

తేడా ఉందని తేలితే ఇలా వెళ్ళండి. బ్రాంచికో కస్టమర్ కేర్‌కో రాతపూర్వకంగా, ఐడీ ప్రూఫ్ జతచేసి, "నా నంబరు ఇది, మెయిల్ ఇది, ఫలానా వాళ్ళకి గతంలో ఇచ్చిన అధికారం ఈ రోజు నుంచి రద్దు చేస్తున్నాను" అని పంపి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. అదే మెయిల్ ఏజెన్సీకి కూడా కాపీ పెట్టండి. దాంట్లోనే ఇంకో మాట అడగండి, ఇప్పటిదాకా నాకు పంపిన నోటీసులన్నిటి కాపీలు, ఖాతా స్టేట్‌మెంటు ఇవ్వమని. ఈ రెండో మాట చాలామంది అడగరు, దాంతో పాత నోటీసు ఉందన్న సంగతి మళ్ళీ కోర్టు నుంచే తెలుస్తుంది. నోటీసు ఉంటే అదే రోజు లాయర్ దగ్గరికి వెళ్ళండి, స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) హెల్ప్‌లైన్ 15100కి కాల్ చేస్తే దారి చెప్తారు. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. ఆర్బిట్రేషన్ నోటీసైతే చేతిలో డబ్బు లేకపోయినా సరే జవాబివ్వండి, హాజరవ్వండి, వాయిదాలు అడగండి. డబ్బు లేదని వెళ్ళకపోవడం వల్లే ఎక్కువ నష్టపోతారు.

కాల్స్ మళ్ళీ మొదలవుతాయి కదా అంటారా, అవుతాయి. ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత రికవరీ కాల్స్ చేయకూడదని ఆర్బీఐ రూల్ ఉంది, బంధువులకి చేసి పరువు తీయడం, బెదిరించడం కూడా కుదరదు. అలా చేస్తే కాల్ వివరాలు, రికార్డింగ్ పెట్టి ఆ సంస్థ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి కంప్లైంట్ ఇవ్వండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి), ఆర్బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో. దానికి రూపాయి ఖర్చు లేదు, మధ్యలో ఎవరూ అక్కర్లేదు, ఎలా పెట్టాలో తెలీకపోతే 14448కి కాల్ చేసి అడగొచ్చు.

సమస్య: సెటిల్‌మెంట్ డబ్బు కట్టేశాం, అయినా కొత్త లోన్ రావట్లేదు

స్టేటస్ చూడండి. "సెటిల్డ్" అని ఉంటే అది "క్లోజ్డ్" కాదు, పూర్తిగా కట్టకుండా కొంతతో ముగించారని దానర్థం, అది రిపోర్ట్‌లో ఏళ్ళ తరబడి ఉంటుంది. ఏజెంటు ఈ సంగతి ముందు చెప్పడు. వదిలేసిన మిగతా మొత్తం కట్టేస్తే క్లోజ్డ్‌గా మారుస్తారా అని అప్పిచ్చిన సంస్థనే అడగండి, ఒప్పుకుంటే రాతలో తీసుకుని కట్టి, నో డ్యూస్ (బాకీ ఏమీ లేదన్న సర్టిఫికెట్) తీసుకోండి.

సెటిల్డ్ కూడా లేదు, ఇంకా ఓవర్‌డ్యూనే చూపిస్తోందంటే సెటిల్‌మెంట్ లెటర్ బయటికి తీయండి. అది అప్పిచ్చిన సంస్థ అధికారిక మెయిల్ నుంచి వచ్చిందా, లేక ఏజెంటు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫా? మీ లోన్ నంబరు, మొత్తం, ఆఖరి తేదీ ఉన్నాయా? డబ్బు మీ లోన్ ఖాతాలోకే పోయిందా లేక ఏజెంటు యూపీఐకి పోయిందా? లెటర్‌లో 25వ తేదీలోపు 70 వేలు అని ఉండి, ఏజెంటు మీ దగ్గర 20న తీసుకుని 28న కడితే ఆ ఆఫర్ రద్దయిపోతుంది, ఆ 70 వేలు మామూలు పేమెంట్‌గా జమ అయి మిగతా బాకీ అంతా అలాగే నిలబడుతుంది. అన్నీ సరిగ్గా ఉండి కూడా మారకపోతే మాత్రం రిపోర్ట్ కంపెనీలో డిస్ప్యూట్ (తప్పు సరిదిద్దమన్న ఫిర్యాదు) పెట్టండి, 30 రోజుల్లో తేల్చాలి, దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని రూల్ ఉంది, అడిగి తీసుకోండి.

సమస్య: బ్యాంకుకి వెళ్తే "ఆ లోన్ మా దగ్గర లేదు" అంటున్నారు

ఏఆర్‌సీకి, అంటే మొండి బాకీలు కొనే కంపెనీకి, అమ్మేసి ఉంటారు. ఎవరికి, ఏ తేదీన అమ్మారో రాతలో ఇవ్వమని బ్యాంకునే అడగండి, ఆ పేరు ఆర్బీఐ వెబ్‌సైట్‌లోని ఏఆర్‌సీల లిస్టులో ఉందో లేదో చూసుకుని, ఇకపై మాటలన్నీ వాళ్ళతో. ఫోన్‌లో "మేమే కొన్నాం" అన్నవాళ్ళకి మాత్రం ఆ కాగితం చేతికి రాకుండా కట్టొద్దు.

ఇంకా అరుదైనవి ఉన్నాయి. పాన్ కలిసిపోయి వేరేవాళ్ళ లోన్ మీ రిపోర్ట్‌లో పడటం, మీ పేరు మీద ఎవరో లోన్ తీసుకోవడం: మొదటిదానికి డిస్ప్యూట్ చాలు, రెండోదానికి 1930కి కాల్ చేసి సైబర్ కంప్లైంట్ కూడా. ముందు ఫీజు కడితే పాత అప్పులన్నీ తీర్చే పెద్ద లోన్ ఇస్తామనేవాళ్ళతో అసలు మాటలే వద్దు.

మరి సహాయం ఎవరిని అడగాలి అంటే, ముందు అప్పిచ్చినవాళ్ళనే. కాల్ సెంటర్ కాదు, బ్రాంచ్ మేనేజర్, నోడల్ ఆఫీసర్. ఆదాయం పడిపోయిందని కాగితాలతో సహా రాసిచ్చి, కార్డు బాకీని ఈఎంఐలుగా మార్చమనో వాయిదా కాలం పెంచమనో అడగండి, ఏజెంటు చేసేది కూడా ఇదే, మీరు అడిగితే ఫీజు ఉండదు. ఖాతా అప్పటికే బాగా పాడై ఉంటే లోక్ అదాలత్‌లో పెట్టమనండి, అక్కడ కుదిరిన ఒప్పందం కోర్టు డిక్రీతో సమానం, మళ్ళీ వెనక్కి పోవడం ఉండదు. బ్యాంకులు నడిపే ఆర్థిక అక్షరాస్యత కేంద్రాల్లో కౌన్సెలింగ్ ఫ్రీ. వీళ్ళెవరూ కాక ఇంకెవరినైనా పెట్టుకోవాలనుకుంటే వాళ్ళని మూడే అడగండి: డబ్బు నేరుగా నా లోన్ ఖాతాలోకే కడతానంటే ఒప్పుకుంటారా, నోటీసులూ మెసేజ్‌లూ నాకే వస్తాయా, ఫీజు పని అయ్యాక తీసుకుంటారా. ఒక్కదానికి నసిగినా లేచి వచ్చేయండి.

ఇప్పటికే ఏజెన్సీకి కట్టిన డబ్బు వెనక్కి కావాలంటే అగ్రిమెంట్, పేమెంట్ రసీదులు, చాట్లు అన్నీ దాచుకుని ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి. అక్కడ తేలకపోతే జిల్లా కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్ళొచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదు ఫీజు కూడా ఉండదు, గడువు రెండేళ్ళు. సెటిల్‌మెంట్ కోసమని తీసుకుని బ్యాంకుకి కట్టకపోతే అది మోసం కేసు అవుతుంది, దానికి పోలీస్ కంప్లైంట్ విడిగా ఇవ్వండి.